పువ్వు పూర్తయ్యాకే లేస్తారు కదా, అమ్మా

ప్రశ్న: మాది రాజోలు దగ్గర గోదావరి ఒడ్డున ఒక ఊరు. మా వారు తొమ్మిదేళ్ళుగా కువైట్‌లో డ్రైవరుగా పని చేస్తున్నారు. నేను ఇంటి దగ్గర లేసు అల్లుతాను. ఇంట్లో అత్తగారు, నేను, బాబు ఉంటాం. బాబుకు పన్నెండేళ్ళు, ఏడో తరగతి. క్రిందటిసారి సెలవుకు వచ్చినప్పుడు వాళ్ళ నాన్న వాడికొక ఫోను తెచ్చారు. అప్పటి నుంచి తుపాకుల ఆట పట్టుకున్నాడు. అన్నానికి పిలిస్తే ‘ఈ మ్యాచ్ అయ్యాక’ అంటాడు. పోయిన నెల నా ఫోనులోంచి 4,800 రూపాయలు ఆటలో డైమండ్లు కొనడానికి పంపేశాడు. అది నేను నెలల తరబడి దాచుకున్న లేసు కూలి. కోపం పట్టలేక ఆట మధ్యలో వాడి ఫోను లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇప్పుడు తింటున్నాడు కానీ నాతో మాట్లాడడు. ఆయన ఫోను చేసినప్పుడల్లా ‘పగలగొట్టి పారేయి’ అంటారు. బంధువులు హాస్టల్లో వేయమంటున్నారు. పక్కన కూర్చుని చూసుకోమని టీచరుగారు చెప్పారు. నేను పదో తరగతి వరకే చదివాను. ఆ ఆట ఏమిటో, అందులో వాడు పెట్టుకున్న పేరేమిటో కూడా నాకు తెలియదు. నేనేం చూసుకోగలను?
— ఒక తల్లి, కోనసీమ జిల్లా

సమాధానం:

అమ్మా,

ముందు మీ పని గురించి ఒక మాట అడుగుతాను. లేసు పువ్వు సగంలో ఉండగా వీధిలోంచి ఎవరైనా పిలిస్తే మీరేం చేస్తారు? ‘ఈ పువ్వు అయిపోనివ్వండి, వస్తున్నాను’ అంటారు. అప్పుడే సూది తీసి పక్కన పెడితే ఉచ్చు జారిపోతుందని, దారం ఎవరి కాలికైనా తగిలి లాగిందంటే అల్లినదంతా విడిపోతుందని మీకు తెలుసు. పిలిచినవారికి తెలియదు. వాళ్ళ కంటికి మీరు తీరిగ్గా కూర్చుని దారంతో ఏదో చేసుకుంటున్నట్టే ఉంటుంది.

మీ అబ్బాయి ‘ఈ మ్యాచ్ అయ్యాక వస్తాను’ అన్నప్పుడు మీరు ఆ వీధిలోంచి పిలిచినవారిలా ఉన్నారు. వాడు అబద్ధం చెప్పలేదు. మీ మాటను లెక్క చేయక అన్నదీ కాదు. ఆట పేరు మీరు రాయలేదు కానీ ఆ కోవకు చెందిన ఆటలన్నీ దాదాపు ఒకే తీరున నడుస్తాయి. యాభై మందో వంద మందో విమానంలోంచి ఒక దీవి మీదకు దూకుతారు. దిగేటప్పుడు చేతిలో ఏమీ ఉండదు. ఇళ్ళలో వెతుక్కుని తుపాకులు, మందుల పెట్టెలు ఏరుకోవాలి. దీవిలో క్షేమంగా ఉండగలిగే చోటు నిమిషనిమిషానికీ కుంచించుకుపోతూ అందరినీ ఒక దగ్గరకు నెట్టుకొస్తుంది. చివరిదాకా మిగిలినవారు గెలిచినట్టు. చిన్న ఆటల్లో ఇదంతా పది పదిహేను నిమిషాల్లో ముగుస్తుంది, పెద్దవాటిలో అరగంట దాకా పడుతుంది. పిల్లలు ఎక్కువగా నలుగురేసి జట్టుగా దిగుతారు. మధ్యలో ఒకడు మాయమైతే మిగిలిన ముగ్గురూ ఎదుటి నలుగురితో తలపడాలి. ఓడితే ర్యాంకు పడిపోతుంది. మర్నాడు బడిలో ‘నీ వల్లే పోయింది’ అనే మాట పడేది మధ్యలో వెళ్ళిపోయినవాడే.

మీరు ఫోను లాక్కున్న సాయంత్రం వాడికి ఆట ఒక్కటే పోలేదు. స్నేహితుల ముందు తల కొట్టేసినట్టయింది. రెండు రోజుల అలక వెనుక అది కూడా ఉందని నా నమ్మకం.

వాడిని వెనకేసుకురావడానికి ఇది చెప్పడం లేదు. డబ్బు విషయంలో వాడు చేసింది పెద్ద తప్పు, దాని దగ్గరకు వస్తాను. మీరు ఏ హద్దు పెట్టినా అది ఆ ఆట తీరు తెలిసినవారు పెట్టినట్టుంటేనే పిల్లవాడు దానికి కట్టుబడతాడు. ‘అరగంట ఆడుకో’ అన్నారనుకోండి. ఇరవై ఎనిమిదో నిమిషంలో వాడు కొత్త మ్యాచ్‌లోకి దిగి ఉంటాడు, ముప్ఫయ్యో నిమిషంలో మీరు కేక వేస్తారు. రోజూ అదే తగవు. అందుకని నిమిషాలు వదిలేసి మ్యాచ్‌ల లెక్కన చెప్పండి. బడి ఉన్న రోజుల్లో రెండు. రెండోది మొదలుపెట్టే ముందు ‘అమ్మా, ఇదే చివరిది’ అని వాడే మీకు చెప్పాలి. అది ముగిసి ఫలితం తెర మీద పడగానే ఫోను తెచ్చి మీ చేతికివ్వాలి. దిగిన నిమిషంలోనే చనిపోయినా అది ఒక మ్యాచే, దానికి బదులు ఇంకొకటి ఉండదు. ఈ చివరి మాట ముందే అనుకోవాలి. లేకపోతే వాదన అక్కడే పుడుతుంది.

నేను ఈ డెల్టాలోనే ముప్ఫై ఏళ్ళు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో సైన్సు చెప్పాను. 2020లో కరోనాకు బడులు మూతపడి పాఠాలు ఫోనులోకి వచ్చినప్పుడు, అప్పటిదాకా పిల్లల చేతికి ఫోను ఇవ్వని తల్లిదండ్రులు అప్పు చేసి మరీ కొనిచ్చారు. ఆ ఫోనులోకి పాఠంతో పాటు ఆట కూడా వచ్చింది. మా మనవడు అప్పుడు మా దగ్గరే ఉన్నాడు, వాడికీ మీ వాడి వయసే. పబ్‌జీ ఆడేవాడు. ఆ ఏడాది సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఉందని టీవీలో విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇక ఇంట్లో గొడవ ఉండదనుకున్నాను. రెండు మూడు నెలలు తిరక్కుండానే స్నేహితులంతా అలాంటి ఇంకొక ఆటలోకి మారారు, వీడూ మారాడు. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను నిషేధించారు. పబ్‌జీకి భారతీయ రూపం 2021లో వచ్చింది, 2022లో స్టోర్లలోంచి పోయింది, 2023లో తిరిగొచ్చింది. ఆటల పేర్లు మారుతూనే ఉన్నాయి, పిల్లలు మాత్రం అక్కడే ఉన్నారు.

అలాంటి రోజుల్లోనే ఒక సాయంత్రం నేనూ కోపంలో ఆట మధ్యలో ఇంటర్నెట్ ఆపేశాను. మూడు రోజులు వాడు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు వాడి పక్కన కూర్చుని, ‘నాకు నేర్పుతావా?’ అని అడిగాను. మొదట నమ్మలేదు. ఫోను తీసేసుకోవడానికి ఇదొక ఎత్తు అనుకున్నాడు. తరువాత నెమ్మదిగా నా చేతికిచ్చి, ఎడమ బొటనవేలితో నడవాలని, కుడి వేలితో చూడాలని చెప్పాడు. దిగిన నిమిషానికే నా బొమ్మ చనిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ చనిపోయింది. మూడోసారి కూడా విసుక్కోకుండా చెప్పాడు. లెక్కల పుస్తకం ముందు పది నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్లవాడిలో అంత ఓపిక ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఒక వారం అలా పక్కన కూర్చుని చూశాక ఇంకొకటి గమనించాను. వాళ్ళ జట్టులో కాల్చేవాళ్ళు వేరే ఉన్నారు. మా వాడి పని అది కాదు. దెబ్బ తగిలి పడిపోయిన స్నేహితుడి దగ్గరకు, ఎదురుగా తుపాకులు పేలుతున్నా, పరుగెత్తుకెళ్ళి లేపేది వాడే. దొరికిన మందుల పెట్టెలు తన కోసం దాచుకోకుండా పంచిపెట్టేవాడు. నేను అన్ని నెలలూ దాన్ని ‘చంపుకునే ఆట’ అనే ఒక్క మాటతో చూశాను. ఆ మాట అబద్ధం కాదు. కానీ నా మనవడు అందులో ఏం చేస్తున్నాడో ఆ మాట నాకు చెప్పలేదు. ఆ రోజుల్లో బడి లేదు, గేటు దాటి వెళ్ళకూడదు. స్నేహితులు కలుసుకోవడానికి వాళ్ళకు మిగిలిన చోటు అదొక్కటే.

అలాగని ఆ ఆట నాకు నచ్చిందని కాదు. పన్నెండేళ్ళ పిల్లవాడికి తుపాకుల ఆట తగినదని నేను ఇప్పటికీ అనను. ప్లే స్టోర్‌లో ప్రతి ఆట పేజీలోనూ అది ఏ వయసు దాటినవారికో చెప్పే అంకె ఒకటి ఉంటుంది: 3, 7, 12, 16, 18. మీ అబ్బాయి ఆడే ఆట పేజీని ఇద్దరూ కలిసి తెరవండి. అక్కడ 16 అని ఉంటే ‘దీనికి నువ్వింకా నాలుగేళ్ళు ఆగాలి’ అని చెప్పడానికి మీకు పూర్తి హక్కుంది. కాకపోతే అది తీసేసిన రోజునే, అదే స్నేహితులతో కలిసి ఆడుకోగల వేరే ఆట ఒకటి వాడి చేతిలో ఉండాలి. క్రికెట్, ఫుట్‌బాల్ ఆటలున్నాయి. దిమ్మెలు పేర్చి ఇళ్ళు, వంతెనలు, కాలువలు కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఉంది. దాన్ని ఒకసారి డబ్బు పెట్టి కొనాలి. కట్టడమంటే ఇష్టమున్న పిల్లలకు అంతకంటే మంచి ఆట నాకు కనపడలేదు.

పదో తరగతి వరకే చదివానని, మీరేం చూసుకోగలరని రాశారు. నర్సాపురం లేసు అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీరూ, గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఉన్న మీలాంటి వేల మంది ఆడవాళ్ళూ చేసే పని అది. అది మీకు ఎవరూ పుస్తకంలో పెట్టి నేర్పలేదు. అమ్మ పక్కనో పిన్ని పక్కనో కూర్చుని వాళ్ళ చేతులు చూస్తూ నేర్చుకుని ఉంటారు. ఈ ఆటలూ అలాగే తెలుస్తాయి. ఈసారి చేతులు మీ అబ్బాయివి. వాడు ఆడుతుంటే మీరు లేసు పట్టుకుని పక్కనే కూర్చోండి. మొదటి రెండు మూడు రోజులు ఏమీ అనకండి. మంచీ చెడూ చెప్పకండి. ‘ఇప్పుడు ఎందుకు దాక్కున్నావు?’, ‘ఆ నీలం గీత ఏమిటి?’, ‘వాళ్ళలో మనవాళ్ళెవరు?’ అని అడగండి. మ్యాచ్ నడుస్తున్నప్పుడు కాదు, ముగిశాక. పిల్లలకు తమకు తెలిసింది పెద్దవాళ్ళకు చెప్పే అవకాశం చాలా అరుదుగా వస్తుంది. వచ్చినప్పుడు వాళ్ళు ఆపకుండా చెబుతారు.

వాళ్ళలో మనవాళ్ళెవరు అనే ప్రశ్న ఊరికే అడగమనలేదు. నలుగురిలో ముగ్గురు మీ ఊరి పిల్లలే కావచ్చు. నాలుగోవాడెవరు? ఎప్పుడైనా చూశాడా, గొంతు మాత్రమే విన్నాడా? ఈ ఆటల్లో మైకు ఉంటుంది, ఎక్కడెక్కడివాళ్ళో మాట్లాడతారు. బూతులు వింటాడు, అది ఒకటి. ‘నీకు ఉచితంగా డైమండ్లు ఇస్తాను, నీ అకౌంటు వివరాలు చెప్పు, మీ అమ్మ ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పు’ అనేవాళ్ళుంటారు, అది రెండోది. ఫొటో అడిగేవాళ్ళుంటారు, అది అన్నిటికంటే ప్రమాదం. తెలిసిన స్నేహితుల గొంతులు మాత్రమే వినపడేలా, మిగిలినవారి మైకు వినపడకుండా చేసే వీలు ఆట సెట్టింగులలో ఉంటుంది. ఎక్కడుందో వాడికే తెలుసు, మీ ఎదుట వాడి చేతే మార్పించండి. ఇంకొక మాట కూడా వాడికి గట్టిగా చెప్పండి: ‘ఎవరైనా భయపెట్టినా, నువ్వు పొరపాటున ఏదైనా పంపేసినా ముందు నాకు చెప్పు, ఆ రోజు నిన్ను తిట్టను, ఫోను తీసుకోను.’ చెబితే ఫోను పోతుందనే భయంతోనే పిల్లలు అసలైన ప్రమాదాన్ని దాచిపెడతారు. అందుకని ఈ ఒక్క మాట మీద మీరు తప్పకుండా నిలబడాలి. అలాంటిది జరిగి డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి, అది సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు.

ఇక డబ్బు. ఇది మీకు ఎంత కష్టం కలిగించిందో మీరు రాసిన తీరులోనే తెలుస్తోంది. వాడిని దొంగ అని పిలవకండి, పిలిచి ఉంటే ఆ మాట వెనక్కి తీసుకోండి. కానీ తప్పును చిన్నది చేసి కూడా మాట్లాడకండి. ఒక సాయంత్రం మీ దారపు ఉండలూ, అల్లిన పువ్వులూ వాడి ముందు పెట్టండి. ఒక పువ్వుకు ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి వాడినే చూడమనండి. ఎంత అల్లితే ఎంత కూలి వస్తుందో చెప్పి, 4,800 రూపాయలకు ఎన్ని పువ్వులు, ఎన్ని గంటలు అవుతాయో కాగితం మీద లెక్క కట్టమనండి. ఏడో తరగతి పిల్లవాడికి ఆ లెక్క వస్తుంది. మీరు ఏమీ అనక్కరలేదు. తరువాత దానిలో కొంత వాడు తీర్చాలి. పండగకు చుట్టాలు చేతిలో పెట్టే డబ్బు నుంచి ఇవ్వవచ్చు, మీ దారాలు సర్దడం, అల్లినవి లెక్కపెట్టి కట్టలు కట్టడం వంటి పనుల్లో సాయం చేసి తీర్చవచ్చు. మొత్తం తీరడం ముఖ్యం కాదు. తీర్చవలసింది ఒకటుందని వాడికి తెలియాలి.

అయితే ఆ డబ్బు వాడి చేతిలోంచి ఎలా పోయిందో కూడా మీరు తెలుసుకోవాలి. సంక్రాంతికి మన వైపు కోడిపందేల బరుల పక్కన గుండాట అనే జూదపు బల్లలు మీరు చూసే ఉంటారు. మొదట కొంచెం వస్తుంది. తరువాత పోతుంది. ఇంకొక్కసారి వేస్తే వస్తుందనిపిస్తుంది. ఇల్లూ వాకిలీ ఉన్న పెద్దవాళ్ళే అక్కడి నుంచి కాలు కదపలేక నిలబడిపోతారు. ఈ ఆటల్లో డైమండ్లు పెట్టి తిప్పే చక్రాలు, తెరిచే పెట్టెలు అదే కిటుకు మీద నడుస్తాయి. కోరుకున్న చొక్కానో తుపాకీ రంగో ఎన్నోసారికి వస్తుందో చెప్పరు. పైగా రూపాయి రూపాయిలా కనపడదు, డైమండ్ అయిపోతుంది, దాంతో ఎంత ఖర్చయిందో పిల్లవాడికి తెలియదు. పెద్దవాళ్ళను ఆపలేని దాన్ని పన్నెండేళ్ళవాడు తనంతట తాను ఆపుకోవాలనడం న్యాయం కాదు. దీన్ని మీ వాడికి గుండాట పోలికతోనే చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

డబ్బు పందెంగా పెట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా వాటిని నిషేధించింది. రమ్మీ అయినా, లూడో అయినా, ‘పది పెట్టు, వంద గెలుచుకో’ అనే ఏ యాప్‌నూ మీ ఇంట్లో ఏ ఫోనులోనూ ఉంచకండి. డైమండ్లు కొనడం మాత్రం ఈ నిషేధం కిందకు రాదు. అక్కడ తిరిగి డబ్బు గెలిచేది లేదు కాబట్టి దాన్ని మామూలు కొనుగోలుగానే చూస్తారు. అక్కడ తలుపు మీరే వేయాలి. మీ యూపీఐ పిన్ ఈ రోజే మార్చండి, వాడి ఎదుట నొక్కకండి. ప్లే స్టోర్ సెట్టింగులలో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. ప్లే స్టోర్ ద్వారా మీకు తెలియకుండా కొన్నట్టయితే 48 గంటల లోపు డబ్బు వెనక్కి అడిగే వీలుంది. ఈసారికి ఆ గడువు దాటిపోయింది.

వాడి ఫోనును గూగుల్ ఫ్యామిలీ లింక్ అనే ఉచిత యాప్‌తో మీ ఫోనుకు జత చేసుకోవచ్చు. రాత్రి తొమ్మిది గంటలకు వాడి ఫోను దానంతట అదే మూతపడేలా, కొత్త ఆట ఏది దింపుకోవాలన్నా మీ అనుమతి అడిగేలా పెట్టవచ్చు. మీకు రాకపోతే బడిలో కంప్యూటర్ తెలిసిన టీచరు చేసిపెడతారు. వాడికి తెలియకుండా మాత్రం చేయకండి, ఎదుట కూర్చోబెట్టుకుని, ఏ నియమం ఎందుకో చెప్పి చేయండి. తాళం మీద తాళం వేసి పక్కన కూర్చోవడం మానేసిన ఇళ్ళలో పిల్లలు వారంలో దారి కనిపెట్టడం నేను బడిలో ఎన్నోసార్లు విన్నాను. రాత్రిపూట ఇంట్లో ఫోనులన్నీ, మీదీ అత్తగారిదీ కూడా, వసారాలో ఒకచోట ఛార్జింగులో ఉండాలి. అన్నం దగ్గర ఎవరి చేతిలోనూ ఉండకూడదు. అత్తగారి గురించి మీరేమీ రాయలేదు కానీ ఒకటి చెప్పాలి. మనవడు బిక్కమొహం వేసుకుని కూర్చుంటే మేము, నాయనమ్మలం అమ్మమ్మలం, తట్టుకోలేం. చాటుగా ఫోను తీసి ఇచ్చేస్తాం. నియమాలు అనుకునేటప్పుడు ఆవిడను కూడా కూర్చోబెట్టండి.

ఇప్పుడు మీ వారి సంగతి. ‘పగలగొట్టి పారేయి’ అన్న మాట వెనుక ఉన్నది కోపం కంటే నిస్సహాయత అని నాకనిపిస్తోంది. కొడుకు మూడేళ్ళ పసివాడుగా ఉన్నప్పుడు వెళ్ళిన మనిషి. ప్రేమతో తెచ్చిన ఫోనే ఇంట్లో చిచ్చు పెట్టిందని విన్నప్పుడు అంత దూరం నుంచి చేతనైంది ఆ ఒక్క మాటే. ఫోను ఎందుకు తెచ్చారని ఆయనను నిలదీయకండి. ఆయనకు ఒక పని అప్పగించండి.

తండ్రీ కొడుకులు ఇప్పుడు వాట్సాప్‌లో ఏం మాట్లాడుకుంటున్నారో నేను ఊహించగలను. ‘బాగా చదువుతున్నావా?’ ‘ఆ.’ ‘అమ్మ మాట వింటున్నావా?’ ‘ఆ.’ నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. కలిసి చేసే పని లేనప్పుడు మాటలెక్కడి నుంచి వస్తాయి? వాళ్ళిద్దరినీ కలిసి ఒక ఆట ఆడమనండి. లీచెస్ (Lichess) అనే చదరంగం యాప్ ఉంది, పూర్తిగా ఉచితం, ప్రకటనలు కూడా ఉండవు. అందులో ఒక ఎత్తు వేయడానికి కొన్ని రోజుల గడువు పెట్టుకుని ఆడే పద్ధతి ఉంది. మీ వాడు బడికి వెళ్ళే ముందు ఒక ఎత్తు వేస్తాడు, ఆయన అక్కడ యజమాని కోసం బండిలో ఎదురుచూస్తూ జవాబు వేస్తారు. సాయంత్రం వీడు చూసుకుంటాడు. ఇద్దరికీ చదరంగం రాకపోతే మరీ మంచిది, ఒకేసారి నేర్చుకుంటారు. కువైట్‌లో శుక్రవారం సెలవు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. మన సాయంత్రం ఐదు గంటలకు అక్కడ రెండున్నర, భోజనం ముగిసిన వేళ. ఆయనకు వీలుంటే శుక్రవారం ఐదింటికి కూర్చుని ఎదురెదురుగా ఆడవచ్చు. ఆ సమయంలో చదువు గురించి అడగవద్దని ఆయనకు ముందే చెప్పండి. ‘నాన్నా, నీ గుర్రం పోయింది’ అని కొడుకు అరిచే ఇంట్లో మిగిలిన మాటలు వాటంతట అవే వస్తాయి.

వాడికి జబ్బు చేసిందేమోనని భయపడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనాన్ని వ్యాధుల పట్టికలో చేర్చిన మాట నిజమే, ఆ పట్టిక 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. కానీ అందులో చెప్పినవి వేరు: ఆటను తన అదుపులో ఉంచుకోలేకపోవడం, మిగిలిన ఇష్టాలన్నిటి కంటే, రోజువారీ పనుల కంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కళ్ళకు కనిపిస్తున్నా మానలేకపోవడం. అవి మామూలుగా ఏడాది పాటు సాగి జీవితాన్ని దెబ్బతీస్తేనే ఆ పేరు పెడతారు. రెండు రోజులు అన్నం మానడం అలక. మూడో రోజు తిన్నాడు కదా. అయితే వాడు నిద్ర మానేసినా, బడి మానేసినా, స్నేహితులతో కూడా మాట్లాడకుండా ముడుచుకుపోయినా, చచ్చిపోతాననే మాట ఒక్కసారి అన్నా ఆలస్యం చేయకండి. మానసిక ఆరోగ్య సలహాకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, పగలూ రాత్రీ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడకు తీసుకెళ్ళడం సిగ్గుపడవలసిన విషయం కాదు.

హాస్టల్ వద్దు. తండ్రి ఇప్పటికే దూరంగా ఉన్న పిల్లవాడిని తల్లికి కూడా దూరం చేయడానికి ఒక ఆట కారణం కాకూడదు.

ఒక దిగులు మాత్రం మీతో పంచుకోవాలి. మా చిన్నప్పుడు ప్రతి ఊరికీ చెరువు గట్టో, కళ్ళం దొడ్డో, గుడి వెనక ఖాళీయో ఉండేది. ఇప్పుడు డెల్టాలో చాలా చోట్ల ఖాళీ నేల కనపడితే రొయ్యల చెరువు, లేకపోతే ఇల్లు. పిల్లలను ఫోను వదిలి బయటకు వెళ్ళి ఆడుకోమంటాం, ఎక్కడికి వెళ్ళాలో చెప్పం. ఆ నలుగురు పిల్లల తల్లులూ ఒకసారి కలిసి, ఆదివారం ఉదయం బడి మైదానం తెరిచి ఉంచమని హెడ్‌మాస్టరుగారిని అడగండి. ఫోనులో జట్టుగా ఉన్న పిల్లలే అక్కడ క్రికెట్ జట్టు అవుతారు. మ్యాచ్‌ల లెక్క కూడా నలుగురి ఇళ్ళలోనూ ఒకటే పెట్టుకుంటే మీ వాడు ‘నన్ను ఒక్కడినే లేపేస్తున్నారు’ అనలేడు.

బీరువా తాళం తీసే ముందు వాడితో ఒక మాట అనండి: ‘ఆట మధ్యలో లాక్కోవడం నా తప్పు, అది అలా ఆపకూడదని నాకు తెలియదు. డబ్బు తీయడం నీ తప్పు.’ రెండూ ఒకే గొంతుతో, ఒకదాని వెంట ఒకటి చెప్పండి. జవాబు కోసం ఒత్తిడి చేయకండి. తరువాత లేసు పట్టుకుని వాడి పక్కన కూర్చుని, ఆ ఆటలో వాడు పెట్టుకున్న పేరేమిటో, ఆ పేరే ఎందుకు పెట్టుకున్నాడో అడగండి.